మూడు వరుసలు జారిపోయాయట!

"ముద్రారాక్షసం వల్ల నూట పన్నెండవ పుటలోని పట్టికలో మూడు అడ్డవరుసలు, మూడు నిలువు వరుసలు జారిపోయినవి. పాఠకులు మన్నించగలరు."

ఇంతే చీటీ. శనివారం పొద్దున ప్రెస్సు యజమాని దాన్ని తెచ్చి లెక్కలమ్మ బల్ల మీద పెట్టి, "కింద మీ పొడి అక్షరాలు వేసెయ్యండమ్మా, అచ్చుకు పంపేద్దాం" అన్నాడు. కరెంటు బిల్లు మీద సంతకం అడిగినంత తేలిగ్గా అన్నాడు. లెక్కలమ్మ చదివింది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివింది. ఒళ్ళు భగ్గుమంది.

జారిపోయాయట! సీసపు అక్షరాలు జారడం ఆమెకు తెలియనిదా? చట్రం బిగువు తగ్గితే చివరి అంకె ఊడి పడుతుంది. కంపోజిటర్ కునుకు తీస్తే ఒక వరుస ఎగిరిపోతుంది. ఒప్పుకుంటుంది. కానీ మూడు అడ్డవరుసలూ మూడు నిలువు వరుసలూ కూడబలుక్కుని ఒకేసారి జారిపోయి, జారినచోట వెంట్రుకంత సందు కూడా లేకుండా మిగతావన్నీ దగ్గరకు జరిగి, యాభై నాలుగుకు యాభై నాలుగు వరుసలతో చక్కటి చదరంగా కూర్చున్నాయా? చెప్పేవాళ్ళకు సిగ్గు లేకపోతే పోనీ, వినేవాళ్ళకు బుర్ర కూడా లేదనుకున్నారా?

ఆమె ఆ ప్రెస్సులో ఇరవై ఆరేళ్ళుగా ప్రూఫులు చూస్తోంది. కింది అంతస్తులో మందుసీసాల లేబుళ్ళు, డబ్బాల మీద అంటించే కాగితాలు అచ్చవుతాయి. మేడ మీద ఉత్తరపు కిటికీ పక్కన ఉన్న బల్ల లెక్కల పుస్తకాలది. ఆ బల్ల ఆమెది. చదివింది స్కూలు చదువే. అయినా ఇరవై ఆరేళ్ళలో ఆమె కళ్ళ ముందు నుంచి వెళ్ళినన్ని సమీకరణాలు ఎంతమంది ప్రొఫెసర్ల కళ్ళ ముందు నుంచి వెళ్ళాయో దేవుడికెరుక. అసలు పేరు జీతాల రిజిస్టర్లో ఉంది. మిగతా లోకానికంతా ఆమె లెక్కలమ్మే.

ఆ ప్రెస్సులో ఒక నియమం ఉంది. పుస్తకం చివరి ప్రూఫు మీదా, తర్వాత ఏమైనా తప్పొప్పుల చీటీ వేస్తే దాని మీదా, చూసినవాళ్ళు పొడి అక్షరాలు వేస్తే తప్ప మిషను ఎక్కదు. అంటే ఈ చీటీ కింద ఆమె రెండు అక్షరాలు గీకిందంటే, ఆ తప్పు తనదేనని ఒప్పుకున్నట్టే.

"ఈ తప్పు అచ్చుది కాదు సార్" అంది. "రాతప్రతిలోనే ఉంది. ప్రూఫులో నేను రాశాను కూడా."

యజమాని తల గోక్కున్నాడు. మంచివాడే. ఎవరితోనూ గొడవ పడలేని మంచితనం అది. "తెలుసమ్మా. కానీ ప్రొఫెసరు గారు ప్రెస్సుదే తప్పంటున్నారు. ఆయన మనకు ఇంకా మూడు పుస్తకాలు ఇవ్వాలి. సోమవారం పొద్దున వస్తారు. మీరు వెయ్యకపోతే..." అని చీటీని ఆమె వైపు ఇంకాస్త జరిపి, "మిమ్మల్ని కింద లేబుళ్ళకు పంపాల్సొస్తుంది. జీతం అదేలెండి" అన్నాడు.

జీతం అదేనట! ఏదో వరం ఇస్తున్నట్టు.

అసలు జరిగిందేమిటో చెప్పుకోవాలి. ఆ పుస్తకం త్రిభుజ మాత్రికల గురించి. పేరు వినగానే బెదిరిపోనక్కర్లేదు. అంకెలు మూడే ఉన్న లోకం ఒకటి అనుకోండి: సున్నా, ఒకటి, రెండు. మూడు గీతలున్న గడియారంలోలాగా, రెండు దాటితే మళ్ళీ సున్నాకొస్తాం. ఇప్పుడు నాలుగు గళ్ళకు నాలుగు గళ్ళ చదరం ఒకటి గీసి, ఎడమ పైమూల నుంచి కుడి కిందిమూల దాకా ఏటవాలుగా అన్నీ ఒకట్లే రాయాలి. దానికి దిగువన అన్నీ సున్నాలే. ఎగువన మిగిలిన ఆరు గళ్ళలో మన ఇష్టం. అలా మొత్తం ఏడువందల ఇరవై తొమ్మిది చదరాలు తయారవుతాయి. వాటిలో ఏ రెండింటిని గుణించినా మళ్ళీ ఆ గుంపులోదే వస్తుంది. అందుకే దాన్ని సమూహం అంటారు.

ఆ సమూహంలో చుట్టరికాలుంటాయి. ఒక చదరానికి ఒక పక్కన గుంపులోని ఇంకో చదరాన్నీ, రెండో పక్కన దాన్ని రద్దు చేసే విలోమాన్నీ పెట్టి గుణిస్తే మూడో చదరం వచ్చిందనుకోండి, మొదటిదీ మూడోదీ చుట్టాలు. చుట్టాలన్నీ కలిసి ఒక సంయుగ్మ తరగతి. ఎన్ని తరగతులో, సమూహానికి లక్షణాలనే అంకెల జాబితాలు కూడా సరిగ్గా అన్నే. ఆ లక్షణాలను అడ్డవరుసలుగా, తరగతులను నిలువు వరుసలుగా పేర్చిందే నూట పన్నెండో పేజీలోని పట్టిక.

ఇదంతా లెక్కలమ్మకు మొదట్లో తెలీదు. ఆమెకు తెలిసింది ఒక్కటే చిట్కా. పద్దెనిమిదేళ్ళ కిందట ఒక ముసలి మాస్టారు తన పుస్తకం ప్రూఫుల కోసం వచ్చి, ఆమె పక్కనే స్టూలేసుకుని కూర్చుని చెప్పాడు: "అమ్మాయ్, ఇలాంటి పట్టిక వస్తే అంకె అంకె పోల్చుకుంటూ కళ్ళు పోగొట్టుకోకు. ప్రతి అడ్డవరుసలో మొదటి అంకె తీసుకో. దాని వర్గం చెయ్యి. అన్నీ కూడు. సమూహంలో ఎన్ని ఉన్నాయో అంతే రావాలి. రాలేదంటే ఎవడో ఒకడు తప్పు చేశాడన్నమాట." అప్పటినుంచి ఆమె ప్రతి పట్టికనూ అలాగే కూడుతుంది.

ఈ ప్రొఫెసరు పట్టికనూ కూడింది. ఒకటితో మొదలయ్యే వరుసలు ఇరవై ఏడు: ఇరవై ఏడు. మూడుతో మొదలయ్యేవి ఇరవై నాలుగు, ఒక్కోదానికి తొమ్మిది చొప్పున రెండువందల పదహారు. తొమ్మిదితో మొదలయ్యేవి మూడు, ఒక్కోదానికి ఎనభై ఒకటి చొప్పున రెండువందల నలభై మూడు. మొత్తం నాలుగువందల ఎనభై ఆరు. రావాల్సింది ఏడువందల ఇరవై తొమ్మిది! రాతప్రతి తీసి చూసింది. అందులోనూ అంతే. అంటే కంపోజిటర్ పాపం ఏ పాపమూ ఎరగడు. ప్రూఫు అంచున పెన్సిలుతో మర్యాదగా రాసింది: "మొదటి అంకెల వర్గాలు కూడితే సరిపోవడం లేదు. తొమ్మిదితో మొదలయ్యే వరుసలు ఇంకో మూడు ఉండాలేమో, దయచేసి చూడగలరు."

ప్రూఫు తిరిగొచ్చింది. ఆమె పెన్సిలు రాతను ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, పక్కన రాసి ఉంది: "ప్రూఫు చూసేవారు అచ్చు చూస్తే చాలు. లెక్కలు మాకు వదిలేయండి."

వదిలేసింది. పుస్తకం వచ్చింది. నాలుగు నెలలకు ఎక్కడో పెద్ద పండితుడొకాయన ఉత్తరం రాశాడు: మీ పట్టికలో మూడు వరుసలు లేవండీ అని. దానికి ఈ మహానుభావుడు చెప్పిన జవాబు ఏమిటయ్యా అంటే, ముద్రారాక్షసం! అంటే ఆ రాక్షసి లెక్కలమ్మే అన్నమాట.

ఆదివారం మధ్యాహ్నం ఆమె ఇంట్లో ఏ గిన్నె తీసినా ఠంగుమని చప్పుడైంది. ఆమె ఆడపడుచు ముందుగదిలో బట్టలు కుడుతుంది. మిషను ఆపి, "వదినా, ఆ గిన్నెలేం చేశాయి పాపం? తిట్టాల్సినవాణ్ణి తిట్టు, సొట్టలు పోగొట్టించే ఓపిక నాకు లేదు" అంది.

లెక్కలమ్మ కథంతా చెప్పుకొచ్చింది. ఆడపడుచు నోట్లో పిన్నీసులు పెట్టుకునే విని, వాటిని తీసి ఒకటే అడిగింది. "నువ్వు చెప్పేది కరెక్టేగానీ, మూడు తక్కువని తెలిస్తే సరిపోద్దా? ఎందుకు తక్కువో తెలియాలిగా. రేపు ఆయన 'అదంతా నీకర్థం కాదులేమ్మా' అంటే ఏం చెప్తావు?"

మాట సూటిగా తగిలింది. నిజమే, ఎందుకో ఆమెకూ తెలీదు. ఏడువందల పైచిలుకు చదరాలు వేసి చూడ్డం మనుషుల వల్ల అయ్యే పనా? అయితే పుస్తకం మొదటి అధ్యాయంలో చిన్న సమూహం ఒకటి ఉంది. మూడు గళ్ళకు మూడు గళ్ళ చదరాలు, మొత్తం ఇరవై ఏడే. ఆడపడుచు కాలరు పట్టీల కోసం దాచుకున్న అట్టముక్కలను సమానంగా కత్తిరించింది. లెక్కలమ్మ వాటి మీద ఇరవై ఏడు చదరాలూ రాసింది. బట్టలు కత్తిరించే పొడుగాటి బల్ల మీద ఇద్దరూ చుట్టరికాలు కలపడానికి కూర్చున్నారు.

"ఇదిగో వదినా, ఇది దీని తాలూకే. పో, అటు కూర్చో."

"ఆగవే, గుణించకుండానే సంబంధం ఖాయం చేసేస్తావేం? ముందు లెక్క చెయ్యనీ."

"చెయ్యి చెయ్యి. పెళ్ళిళ్ళ పేరయ్యకి కూడా ఇంత పని ఉండదు."

రెండు గంటలు పట్టింది. చివరకు మూడేసి ముక్కల కుప్పలు ఎనిమిది తేలాయి. ఎవరితోనూ కలవని ఒంటరి ముక్కలు మూడు మిగిలాయి. మొత్తం పదకొండు తరగతులు. పుస్తకం మొదటి అధ్యాయంలో ప్రొఫెసరు కూడా పదకొండనే రాశాడు. ఆ ఒంటరి ముక్కల్లో ఒకదాని పై కుడిమూలన ఒకటి ఉంది, ఇంకోదాని మూలన రెండు ఉంది, మిగతా గళ్ళన్నీ ఒకేలా ఉన్నాయి. దేంతో గుణించినా ఇసుమంతైనా కదల్లేదు అవి.

అప్పుడు లెక్కలమ్మ నూట పన్నెండో పేజీ ముందు పేజీ తీసింది. పెద్ద సమూహంలో మూలన ఒకటి ఉన్నదాన్నీ రెండు ఉన్నదాన్నీ మూడు చోట్ల ఒకే తరగతిలో కలిపేశాడు ప్రొఫెసరు. ఎలా కలిపాడో కూడా చూపించాడు: ఫలానా చదరంతో ఇటూ అటూ గుణిస్తే ఇది అదవుతుంది అని. "ఆయన పద్ధతిలో ఇక్కడా చేసి చూద్దాం" అని ఆయన వాడినలాంటిదే మూడు గళ్ళ చదరం ఒకటి రాసి, దాంతో చేసింది. ఒకటి రెండైపోయింది! రెండు ఒంటరి ముక్కలూ చుట్టాలైపోయాయి. పదకొండు కాస్తా పదయ్యాయి.

"అదెలా? మనకు ఇందాక కదల్లేదుగా" అని ఆడపడుచు అట్టముక్కలన్నీ మళ్ళీ ఒకటొకటిగా తిప్పింది. "వదినా, ఆ కలిపిన ముక్క ఏదీ? ఇరవై ఏడింట్లోనూ చూశాను. లేదు."

ఉండదు! దాని ఏటవాలు గీతలో మొదటి అంకె రెండు. ఈ సమూహంలో ఏటవాలుగా అన్నీ ఒకట్లే ఉండాలని ప్రొఫెసరే తన మూడో పేజీలో రాశాడు. అది పక్క గుంపు మనిషి. బయటివాణ్ణి తీసుకొచ్చి, వాడి చేత ఈ ఇంట్లో ఇద్దరికి చుట్టరికం కలిపించాడు. ఏళ్ళ తరబడి ఏటవాలులో రెళ్ళనూ రానిచ్చే సమూహాలతో పని చేసిచేసి చేతికి అలవాటైపోయి ఉంటుంది. పొరపాటు ఎవరికైనా వస్తుంది, దానికేం? ఆ పొరపాటును పక్కవాళ్ళ నెత్తిన రుద్దడం ఉంది చూశారూ, దానికే మండింది లెక్కలమ్మకు.

సోమవారం ప్రొఫెసరు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చాలా మర్యాదగా ఉన్నాడు. యజమాని ఇద్దరికీ టీ తెప్పించాడు, లెక్కలమ్మకు తెప్పించలేదు. చీటీ బల్ల మీదే ఉంది.

"సంతకానికి ముందు ఒక్కటి అడుగుతాను సార్" అంది లెక్కలమ్మ నిలబడే. "నూట పదకొండో పేజీలో మీరు గుణించిన మాత్రిక, మీ సమూహంలోదేనా?"

ప్రొఫెసరు నవ్వాడు. "అది మీకు..."

"మొదటి అంకె రెండుంది సార్. మూడో పేజీలో అన్నీ ఒకట్లేనని రాశారు. దాన్ని ఒప్పుకుంటే మీ మొదటి అధ్యాయంలో పదకొండు రావు, పదే వస్తాయి. కావాలంటే ముక్కలు తెచ్చాను, వేసి చూపిస్తా."

ఆయన నవ్వు ఆగింది. పుస్తకం తీసి ఆ పేజీ చూశాడు. మూడో పేజీ తిప్పాడు. మళ్ళీ వెనక్కి వచ్చాడు. జేబులోంచి కలం తీసి అరచేతి మీదే ఏదో వేసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. టీ చల్లారిపోయింది. అర్థమైందని లెక్కలమ్మకు తెలిసిపోయింది. ఆయనకు అర్థమైందని ఆమెకు అర్థమైన సంగతి ఆయనకూ తెలిసిపోయింది. యజమాని ఒక్కడే బిక్కమొహం వేసి ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు.

ఇప్పుడైనా ఒక్క మాట అంటాడనుకుంది. "నాదే పొరపాటు" అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా?

ప్రొఫెసరు పుస్తకం మూసి యజమాని వైపు తిరిగాడు. "చీటీ ఇవాళ వెళ్ళిపోవాలండీ. ఆలస్యమైతే బాగుండదు" అని లేచి, ఆమె వైపు చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

లెక్కలమ్మ పొడి అక్షరాలు వెయ్యలేదు. "చచ్చినా వెయ్యను సార్" అంది. ఆమెతో కలిసి ప్రూఫులు చదివే ముసలాయన్ని అడిగితే, ఆయన అప్పటికప్పుడు కళ్ళు కనబడటం లేదన్నాడు. చివరకు యజమానే వేసుకున్నాడు. నాలుగువందల చీటీలు అచ్చయ్యాయి. నాలుగువందల పుస్తకాల్లో ముద్రారాక్షసం అతుక్కుంది. మంగళవారం నుంచి లెక్కలమ్మ కింది అంతస్తులో కూర్చుంది.

లేబుళ్ళంటే చిన్నచూపేం లేదు ఆమెకు. రోజుకు రెండు చెంచాలు అన్నచోట మూడు చెంచాలని పడితే మనుషుల ప్రాణాలు పోతాయి. కానీ పని గంటలో అయిపోయేది. మిగతా రోజంతా దగ్గుమందు వాసన పీలుస్తూ కూర్చోవాలి. పైకి వెళ్ళే మెట్లు కనిపిస్తూ ఉండేవి. కొత్తగా చేరిన కుర్రకారు, "ఏంటి లెక్కలమ్మగారూ, కిందికొచ్చేశారు?" అని పలకరిస్తే, "జారిపోయాను బాబూ" అనేది. వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె నవ్వేది కాదు. అవమానం కన్నా ఆ మనిషి తెలిసీ నోరు విప్పకపోవడమే ఆమెను కాల్చుకు తిన్నది. తెలియక చేసి ఉంటే ఈపాటికి మర్చిపోయేది.

ఏడాది గడిచాక ఒకరోజు యజమాని స్వయంగా మెట్లు దిగి వచ్చాడు. చంకలో లావుపాటి రాతప్రతి. ముఖాన ఎక్కడలేని నవ్వు.

"మీ రొట్టె విరిగి నేతిలో పడిందమ్మా! ప్రొఫెసరు గారి కొత్త పుస్తకం. ప్రూఫులు మీరే చూడాలట. వర్గాలు కూడి చూస్తుందే, ఆవిడ చూస్తేనే ఇస్తానన్నారు. పదండి పైకి, మీ బల్ల తుడిపించాను."

ఆవిడ చూస్తేనేనట! లోకం ముందు రాక్షసి, చాటున మాత్రం ఆవిడే కావాలి. ఎంత తెలివి, ఎంత పొదుపు!

"ఇలా ఇవ్వండి" అని రాతప్రతి తీసుకుంది. పట్టిక ఉన్న పేజీ వెతికింది. ఈసారి అంకెలు రెండే ఉన్న లోకం, ఐదు గళ్ళ చదరాలు. మందుసీసా లేబులు వెనక్కి తిప్పి దాని మీద మొదటి అంకెల వర్గాలు కూడుకుంటూ పోయింది. యజమాని ఓపిగ్గా నిలబడ్డాడు. వెయ్యీ ఇరవై నాలుగు రావాలి. రాలేదు. ఆమె కలం మూసి రాతప్రతి తిరిగి ఆయన చేతుల్లో పెట్టింది.

"పదహారు తక్కువొచ్చింది సార్. ఏ వరుస పోయిందో నాకు తెలుసు, చెప్పను."

"అదేంటమ్మా!"

"ఆ చీటీ మార్పించి తెమ్మనండి. తప్పు ఎవరిదో అందులో ఉండాలి. అప్పుడు చెప్తాను. అప్పటిదాకా ఆయన్నే వెతుక్కోమనండి, లెక్కలు ఆయనకే వదిలేశాగా."

"ఎప్పుడో అయిపోయిన సంగతి, మళ్ళీ తవ్వడం ఎందుకమ్మా?"

"మీకు అయిపోయింది సార్. నేనింకా ఇక్కడే కూర్చున్నాను" అని ఆమె తర్వాతి లేబులు అందుకుంది.

తొమ్మిదో రోజున చీటీ వచ్చింది. ప్రొఫెసరు సొంత దస్తూరీ. యజమాని దాన్ని తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"నా గత పుస్తకంలోని పట్టికలో మూడు వరుసలు లోపించడం అచ్చుతప్పు కాదు, నా పొరపాటు. సమూహానికి చెందని మాత్రికను వాడాను. అచ్చు కాకముందే ప్రెస్సులో ఈ తప్పును పట్టుకున్నారు. నేను వినలేదు."

లెక్కలమ్మ రెండుసార్లు చదివింది. కళ్ళు చెమర్చాయి, దానికి ఆమెకే చిరాకేసింది. కొంగుతో తుడుచుకుని పెన్సిలు తీసింది. 'ప్రెస్సులో' అన్న మాటకు అడ్డంగా ఒక గీత పెట్టింది. దాని పైన గుండ్రటి అక్షరాలతో, జీతాల రిజిస్టర్లో ఉన్న తన పేరు పూర్తిగా రాసింది. కింద పొడి అక్షరాలు వేసింది.

"నాలుగువందలు వెయ్యమనండి. ప్రతి పుస్తకంలోనూ పాత చీటీ మీదే అంటించాలి" అని చెప్పి, కళ్ళద్దాల డబ్బా పట్టుకుని మెట్లెక్కింది.